వాసన లేని డ్రమ్ములు

మొగులమ్మ ముక్కుకు వేరే జీతం ఇవ్వాలని ముర్తుజా సేటు అడ్డాలో అందరూ అనేవారు. ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు గానీ, ఆ మాట మాత్రం పద్నాలుగేళ్లుగా నడుస్తూనే ఉంది. పటాన్‌చెరు దాటాక హైవేకు ఓ పక్కన, రేకుల ప్రహరీ లోపల ఉంటుంది ఆ అడ్డా. చుట్టూ ఉన్న మందుల ఫ్యాక్టరీలు వాడి వదిలేసిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు అక్కడికి వస్తాయి. ఆడవాళ్లు కడుగుతారు. కడిగినవి ఊళ్లకు పోతాయి. నల్లా రెండు రోజులకోసారి వచ్చే ఇళ్లలో నీలం డ్రమ్ము లేని వాకిలి ఉండదు. అందులో ఇదివరకు ఏముండేదని అడిగే తీరిక కొనేవాళ్లకు లేదు. అది చూసుకోవడం మొగులమ్మ పని.

ఆమె పని తీరు చూసి తీరాల్సిందే. మూత తీసి, భుజాల దాకా తల లోపలికి పెట్టి, ఒక్కసారి గట్టిగా పీలుస్తుంది. ముక్కు మండితే ఆ డ్రమ్ము కాస్టిక్ నీళ్లలో మూడు రోజులు నానాలి. నూనె వాసనైతే డీజిల్ పట్టుకునే వాళ్లకు. కుళ్లిన గుడ్ల వాసనైతే ముక్కలు కోసి తూకానికి. ఏ వాసనా లేకపోతే అది మంచి డ్రమ్ము. ఉత్త నీళ్లతో రెండుసార్లు కడిగి తాగే నీళ్లకు పంపేయడమే. ఈ చదువు ఏ కాలేజీలోనూ చెప్పరు. విషం ఉందో లేదో చెప్పే యంత్రం ఖరీదు ఆడమనిషి ముక్కు కన్నా ఎక్కువ కనుక ఈ ఏర్పాటు అందరికీ నచ్చింది. నిజం చెప్పాలంటే మొగులమ్మకూ నచ్చింది. కెమిస్ట్రీ చదివిన సార్లు కూడా ఓ డ్రమ్ము ముందు నిలబడి "మొగులమ్మను పిలువుండ్రి" అంటుంటే ఎవరికి మాత్రం గర్వంగా ఉండదు?

శనివారం సాయంత్రం శ్రావణ్‌కుమార్ తొమ్మిది డ్రమ్ములు దింపిపోయాడు. ఫ్యాక్టరీల దగ్గర పాత డ్రమ్ములు ఎత్తుకొచ్చి అడ్డాలకు వేసే మనిషి అతను. ఇస్త్రీ నలగని చొక్కా, మాటకు ముందే నవ్వు. ఈసారి డ్రమ్ముల మీద లేబుళ్లు గీకేసి ఉన్నాయి.

"ఏ కంపెనీవి సారూ?" అని అడిగింది మొగులమ్మ.

"మూతవడ్డ కంపెనీవమ్మా. అండ్ల ఏం లేకుండె, ఖాళీయే."

మొగులమ్మ ఒక్కోదాంట్లో తలపెట్టి పీల్చింది. తొమ్మిదింటికీ ఏ వాసనా లేదు. అంచు మడతల్లో మాత్రం అక్కడక్కడా తెల్లటి దుమ్ము. నీళ్లకు పోని మైనపు సుద్దముక్క తీసి తొమ్మిదింటి మీదా గుండ్రటి గీత గీసింది. అడ్డాలో ఆ గీతకు తాగే నీళ్లని అర్థం. ఆ సాయంత్రమే మూడింటిని తానే కడిగింది. ఇంటికి పోయాక తల తిరిగి, కడుపులో దేవినట్టయి, అన్నం ముట్టకుండా పడుకుంది. ఎండదెబ్బ అనుకుంది.

ఆదివారం పొద్దున్నే ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి మల్లయ్య అనే రైతు ట్రాక్టర్ పంపి ఆ మూడు డ్రమ్ములూ తీసుకుపోయాడు. దుర్గాభవాని గుడిలో మొక్కు చెల్లించి, ఊళ్లో బంధువులందరికీ భోజనాలు పెట్టుకుంటున్నాడట.

ఆదివారం అడ్డాలో ఒక్కపూటే పని. మిగిలిన ఆరు డ్రమ్ములు అరుణ మొదలుపెట్టింది. అరుణకు ముప్పై ఏళ్లుంటాయి. పోతిరెడ్డిపల్లిలో ఓ గది కిరాయికి తీసుకుని ఇద్దరు ఆడపిల్లలతో ఉంటుంది. చేతులు ఎంత చురుకో నోరు అంత చురుకు. ఆమె పాటో, తగవో వినిపించకపోతే అడ్డాకు సెలవేమో అనుకుంటారు. అలాంటి మనిషి పది దాటాక ఉన్నట్టుండి చప్పుడు చేయలేదు. మొగులమ్మ తలెత్తి చూసేసరికి నడుము దాకా డ్రమ్ములో వంగి, బ్రష్షు పట్టుకున్న చెయ్యి ఆగి ఉంది.

"ఏందే అరుణా, అండ్లనే పండుతవా ఏంది?"

అరుణ మెల్లగా బయటికి వచ్చింది. ముఖాన, కొంగున తెల్లటి దుమ్ము. ఉక్కపోతకు మూతి గుడ్డ ఎప్పుడో తీసేసింది.

"నిద్రొస్తుందక్కా. జెర ఒరుగుతా," అని గోడకు చేరగిలబడింది. రెండు నిమిషాలకు గురక మొదలైంది. ఆ గురక మామూలుగా లేదు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య మొగులమ్మ పిలిచి, చెంప మీద కొట్టి, నీళ్లు చల్లి, మళ్లీ పిలిచేంత సమయం ఉంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టు నల్లబడ్డాయి.

మొగులమ్మ హైవే మీదికి పరుగెత్తింది. అటుగా పోతున్న ఆటోను రోడ్డుకు అడ్డం నిలబడి ఆపింది.

*

సర్కారు దవాఖానలో ఆదివారం ఒక్క డాక్టరే ఉంది. మదీహా అని, చిన్న వయసు, కళ్ల కింద నిద్రలేని నలుపు. స్ట్రెచర్ తోసుకొచ్చిన ఆయా దారిలోనే తీర్పు చెప్పేసింది.

"కల్లు కేసు మేడం."

ఆ జిల్లాలో స్పృహ తప్పిన ప్రతివాడూ కల్లు కేసే. కల్లులో నిద్రమందు కలుపుతారని చిన్నపిల్లలకు కూడా తెలుసు కనుక, ఆ మాట ఒక్కటి అంటే ఇంకే ప్రశ్నా అడగక్కర్లేదు. మొగులమ్మకు ఒళ్లు మండిపోయింది.

"కల్లు గిల్లు అనకు. దీని మొగడు కల్లు కాంపౌండ్ల పడి సచ్చిండు. బస్సుల కల్లు వాసనొస్తే దిగి నడిసిపోయే మనిషి ఇది. పొద్దుగాల సంది నా పక్కన డ్రమ్ములు కడుగుతుంది, సాయ తప్ప ఇంకేం తాగలే!"

డాక్టర్ మదీహా ఆమె వైపు ఒకసారి చూసి, అరుణ కనురెప్ప పైకెత్తి టార్చి వేసింది. కంటిపాప సూదిమొన అంత ఉంది. రెండో కన్నూ అంతే. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి ఐదు. డాక్టర్ ముఖం మారిపోయింది. అల్మారాలోంచి చిన్న సీసా తీసి, సూదిలోకి ఎక్కించి, నరానికి ఇచ్చింది.

మొగులమ్మ అలాంటిది జన్మలో చూడలేదు. రెండు నిమిషాలు కాలేదు, అరుణ నీళ్లలోంచి పైకి తేలినట్టు గట్టిగా ఊపిరి పీల్చి కళ్లు తెరిచింది. ఎక్కడున్నదో తెలియక చుట్టూ చూసి, "నా బ్రష్షేదక్కా?" అంది. మొగులమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"సంతోషపడకమ్మా," అంది మదీహా. "ఈ ఇంజక్షన్ బలం గంట కూడా ఉండదు. లోపలున్నది ఇంకా ఎక్కువసేపు ఉంటది. మళ్ల నిద్రలకు పోతది, మళ్ల ఇయ్యాలె. నా దగ్గర ఇంక నాలుగే ఉన్నయి."

"ఏమైంది మేడం దీనికి?"

"కల్లుల కలిపే మందుకు ఈ ఇంజక్షన్ పనిచెయ్యదు. నల్లమందు జాతికే పనిచేస్తది. గానీ ఇది గసగసాల నుంచి తీసింది కాదు, ఫ్యాక్టరీల చేసిన పొడి. చిటికెడు కూడ అక్కర్లేదు. దీన్ని దొంగతనంగ చేసేటోళ్లు ఉన్నరని వింటున్నం. ఇంత దగ్గర ఉన్నరని అనుకోలే." ఆమె ఆగి, గొంతు తగ్గించింది. "ఈ నెలల ఇట్లనే ఇద్దరు హమాలీలను తెచ్చిన్రు. ఇద్దరికీ కల్లు అని నేనే రాసిన. కండ్లు గూడ సూడలే. ఇద్దరూ పోయిన్రు."

అంత చదువుకున్న మనిషి అలా ఒప్పుకుంటుందని మొగులమ్మ అనుకోలేదు. తానూ తన పని గురించి చెప్పింది. డ్రమ్ములు ఎక్కడివి, లేబుళ్లు ఎలా గీకి ఉన్నాయి, రాత్రి తనకెలా తల తిరిగింది, అన్నీ చెప్పింది.

"వాసన రాలేదా?"

"రాలే మేడం. వాసన లేదనే మంచియని పెట్టిన."

"ఇసొంటియి విషమే అయినా వాసన ఉండదమ్మా," అంది మదీహా. మెల్లగానే అంది గానీ మొగులమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. పద్నాలుగేళ్ల గర్వం ఒక్క మాటకు నేల మీద పడింది. "ఇంకెన్ని ఉన్నయి ఆ డ్రమ్ములు? అన్నీ అడ్డాలనే ఉన్నయి గదా?"

అప్పుడు గుర్తొచ్చింది మూడు డ్రమ్ముల సంగతి. వాసన లేదు కదా అని కాస్టిక్‌లో వేయకుండా ఉత్త నీళ్లతో కడిగిన మూడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో, విందు కోసం, నిండా నీళ్లతో.  మొగులమ్మకు భయమేసింది, దానికన్నా ఎక్కువగా సిగ్గేసింది.

*

ఆమె వరండాలోకి వచ్చేసరికి ముర్తుజా సేటు ట్రాలీ ఆటో దిగుతున్నాడు. వెంట శ్రావణ్‌కుమార్. వార్త ఎవరు మోశారో గానీ ఇస్త్రీ చొక్కా అప్పుడే వచ్చేసింది.

"అక్కా, అరుణకు ఎట్లుంది?" అన్నాడు. పద్నాలుగేళ్లలో అక్కా అనే వరస అతనికి అప్పుడే గుర్తొచ్చింది. "పరేషాన్ కాకు. మంచి ప్రైవేటు దవాఖానకు తీస్కపోదాం, ఖర్చంతా నాది. ఒక్కటే మాట. పోలీసులొచ్చి అడుగుతే కల్లు తాగిందని చెప్పు. గంతే. డ్రమ్ముల ముచ్చట తియ్యకు."

"తీస్తే?"

"తీస్తే నీకే నష్టం. ఆ డ్రమ్ములు మంచియని గీత గీసిందెవరు? నేనా? సేటా? నీ చెయ్యే గదా అక్కా. రేపు ఎవరికన్న ఏమన్నైతే మొట్టమొదట నిన్నే పట్టుకుంటరు. కల్లంటే అందరం బచాయిస్తం."

 అతను చెప్పింది అబద్ధం కాదు, అదే కష్టం. కల్లు అనే ఒక్క మాటతో అరుణ బతికితే బతుకుతుంది, అడ్డా నడుస్తుంది, తన ముక్కు పరువు కూడా మిగులుతుంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఎవరైనా పడిపోతే దానికీ అదే మాట సిద్ధంగా ఉంది. అది తలచుకోగానే ఆమె ముర్తుజా వైపు తిరిగింది.

"సేటూ, మల్లయ్య నంబరుంది గదా, కలుపు," అంది.

ముర్తుజా శ్రావణ్‌కుమార్ వైపు చూశాడు. ఫోను కలిపి ఆమెకిచ్చాడు. అవతల డప్పులు మోగుతున్నాయి. మొగులమ్మ అరిచి అరిచి చెప్పింది, ఆ నీళ్లు తాగొద్దని, డ్రమ్ములు మంచివి కావని. అవతలి మనిషి కాసేపు విని పెద్దగా నవ్వాడు.

"పొద్దుగాల్నే పట్టించినవా ఏందమ్మా కల్లు?" అని పెట్టేశాడు.

మొగులమ్మ ఫోను తిరిగిచ్చేసింది. "సేటూ, బండి తియ్యి."

"మొగులమ్మా, జెర సోంచాయించు..."

"సేటు బిజినెస్ బర్బాద్ చేస్తవా ఏంది?" అని శ్రావణ్‌కుమార్ మధ్యలో అందుకున్నాడు. నవ్వు పోయింది. "సేటూ, నువ్వు ఇక్కడ్నుంచి కదిలినవంటే ఇగ నీ అడ్డాకు ఏ ఫ్యాక్టరీ నుంచి డ్రమ్ము రాదు. ఒట్టు."

ముర్తుజా యాభై ఏళ్ల మనిషి, గొడవలంటే ఆమడ దూరం పోయే రకం. జేబులోంచి తాళంచెవి తీసి చూసుకున్నాడు. "నా ఇంట్ల గూడ తాగేది అడ్డా డ్రమ్ముల నీళ్లే భాయ్," అన్నాడు. "నా బిడ్డలు, మా అమ్మీ అందరు అవే తాగుతరు. మొగులమ్మ గీత గీసిన డ్రమ్మే కావాలని మా అమ్మీ అంటది." బండెక్కి స్టార్ట్ చేశాడు. మొగులమ్మ పక్కన కూర్చుంది.

దారిలో ఆయన ఒక్కటే చెప్పాడు. మిగిలిన డ్రమ్ములున్న అడ్డాకు తాళం వేసే వచ్చాడట, తాళంచెవి తన దగ్గరే ఉందట.

*

మల్లయ్య ఇంటి ముందు షామియానా వేశారు. గుడి నుంచి వచ్చిన చుట్టాలు అప్పుడప్పుడే బంతికి కూర్చుంటున్నారు. ఒక మూల వరసగా మూడు నీలం డ్రమ్ములు, మూతల మీద స్టీలు గ్లాసులు, అడుగున నల్లాలు. డ్రమ్ముల మీద మొగులమ్మ గీసిన గుండ్రటి గీతలు అలాగే ఉన్నాయి. బండి ఆగీ ఆగకముందే ఆమె దూకింది.

"తాగకుండ్రి! ఆ నీళ్లు తాగకుండ్రి!"

నల్లా కింద గ్లాసు పెట్టిన పిల్ల ఉలిక్కిపడి ఆగింది. మొగులమ్మ ఆ గ్లాసు లాక్కుని పారబోసింది. మల్లయ్య భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ వచ్చాడు. పెద్ద మనిషి, పది మందిలో పరువున్న మనిషి, ఇంటి ముందు ఇలాంటిది జరిగితే ఊరుకుంటాడా?

"ఎవరే నువ్వు?"

"గీ డ్రమ్ములు కడిగినదాన్ని. ఇవి మంచియని చెప్పింది నేనే. తప్పు చెప్పిన. అండ్ల విషం పొడి ఉండె. మా పిల్ల దవాఖానల పడి ఉన్నది."

"పొద్దుగాల్నుంచి తాగుతనే ఉన్నం, ఎవ్వలు సచ్చిన్రు?" మల్లయ్య గొంతు లేచింది. "అమ్మవారి మొక్కు కాడికొచ్చి విషం, సావు అంటవేంది? బయటికి నడువు!"

ఇద్దరు మగవాళ్లు ఆమె జబ్బ పట్టుకున్నారు. ముర్తుజా అడ్డం వచ్చి ఏదో చెప్పబోతే ఆయన్నీ నెట్టేశారు. బంతిలో వాళ్లు నవ్వుతున్నారు. ఎవరో మళ్లీ కల్లు అన్నారు. ఆ మాట వినగానే మొగులమ్మకు ఎక్కడలేని బలం వచ్చింది. జబ్బలు విదిలించుకుని పొయ్యిల దగ్గరికి పరుగెత్తింది. కట్టెలు కొట్టే గొడ్డలి అక్కడే ఉంది. దాన్నెత్తి మొదటి డ్రమ్ము అడుగున వేసింది. ప్లాస్టిక్ చీలి నీళ్లు బుస్సుమని వచ్చాయి. ఏ డ్రమ్ము ఎక్కడ చీలుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? రెండోదీ అంతే. మూడోదానికి గొడ్డలి ఎత్తేసరికి మల్లయ్య చెయ్యి పైకి లేచింది.

"కొట్టు," అంది మొగులమ్మ. "కొట్టినంక గూడ పగలగొడత."

మల్లయ్య చెయ్యి గాలిలోనే ఆగింది. మూడో డ్రమ్మూ పగిలింది. షామియానా కిందంతా బురద. విస్తళ్లు తేలిపోతున్నాయి. ఆడవాళ్లు శాపనార్థాలు పెడుతున్నారు. మొగులమ్మ రొప్పుతూ చుట్టూ చూసింది. నీడలో ఇద్దరు ఆడవాళ్లు తలలు పట్టుకుని కూర్చున్నారు, ఎండకు తల తిరుగుతోందట. వాళ్ల వెనుక మంచం మీద ఓ ముసలాయన నిద్రపోతున్నాడు. ఇంత గొడవలోనూ లేవలేదు.

"ఆయనెవరు?"

"మా మామ, సాయిలు తాత," అంది మల్లయ్య భార్య మల్లమ్మ, కోపంగానే. "గుడికెళ్లి రాంగనే దూపైతుందని రెండు చెంబులు తాగి పండిండు. పొద్దుగాల కల్లు గూడ..."

మొగులమ్మ గొడ్డలి వదిలేసి మంచం దగ్గరికి పోయింది. ఆ గురక ఆమెకు తెలుసు. కనురెప్ప ఎత్తి చూసింది. కంటిపాప సూదిమొన.

"మల్లయ్యా!" అని అరిచింది. "గురక ఇను. ఊపిరికి ఊపిరికి నడిమిట్ల ఎంతసేపైతుందో సూడు. మా పిల్లకు గిట్లనే అయ్యింది. ఎత్తు మీ నాయనను, జల్దీ!"

మల్లయ్య వంగి తండ్రి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది, చాలాసేపు. తర్వాత ఒక ఊపిరి తగిలింది. అప్పుడు ఆయన ముఖం చూసిన వాళ్లెవరూ మళ్లీ నవ్వలేదు.

*

దవాఖానలో ఆ ఇంజక్షన్ సీసాలు చాలలేదు. తల తిరిగిన ఆడవాళ్లిద్దరూ సూది అవసరం లేకుండానే తేరుకున్నారు. అరుణకు అప్పటికే మరో రెండుసార్లు ఇచ్చారు. ముసలాయనకు మిగతా రెండూ ఇచ్చింది మదీహా. పట్నంలో ఉన్న ప్రతి పెద్ద దవాఖానకూ ఫోన్ చేసి అరిచింది, బతిమాలింది. ఇంకో దవాఖాన నుంచి అంబులెన్సులో సీసాలు వచ్చాయి. అవి అరుణను నిలబెట్టాయి. సాయిలు తాత ఎనభై ఏళ్ల గుండె అప్పటికే ఆగిపోయింది.

నాలుగున్నరకు ఎస్సై వచ్చాడు. డాక్టర్ గదిలో బల్ల ముందు కూర్చుని కాగితాలు పరిచాడు. చెడ్డవాడేం కాదు. ఆదివారం సెలవు పోయిన విసుగు ముఖం నిండా ఉంది. గది తలుపు దగ్గర శ్రావణ్‌కుమార్ నిలబడి ఉన్నాడు. ఎస్సైతో అప్పటికే ఏదో మాట్లాడినట్టున్నాడు.

"మల్లయ్యా, ముసలాయన రోజు కల్లు తాగుతడంట గదా," అన్నాడు ఎస్సై. "కల్లని రాస్త. పొద్దుగూకక ముందే మనిషిని ఇంటికి తీస్కపోవచ్చు. లేకుంటే పోస్టుమార్టం, కోత, ల్యాబు, రెండు రోజులు తిరుగుడు. మీ ఇష్టం."

మదీహా పెన్ను బల్ల మీద పెట్టింది. "నేనైతే కల్లని రాయను సార్. ఈ నెలల రెండుసార్లు రాసిన, ఇగ రాయ. అరుణ బట్టలు సంచిల కట్టి సీలేసిన. ఆ దుమ్ము ల్యాబుకు పోవాలె."

ఎస్సై మల్లయ్య వైపు చూశాడు. అందరూ మల్లయ్య వైపే చూశారు. ఆయన మొగులమ్మను చూశాడు. ఆ చూపులో క్షమ అనేది ఏ కోశానా లేదు.

"మా నాయన సావుకు ఈమె గూడ కారణమే," అన్నాడు. ఆగి ఆగి మాట్లాడాడు. "గానీ సారూ, మా నాయన అరవై ఏండ్లు కల్లు తాగిండు. తాగి తన కాళ్ల మీద తనే ఇంటికొచ్చిండు. ఆయన పేరు మీద కల్లని రాయకు. కొయ్యనియ్యి. ఆయన ఎట్ల పోయిండో నాకు తెల్వాలె."

 ఎస్సై కాగితం తిప్పాడు. "సరే. ఆ డ్రమ్ములు తాగే నీళ్లకు మంచియని చెప్పిందెవరు?"

"అడ్డా నాది సార్," అన్నాడు ముర్తుజా వెంటనే. తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "మిగిలిన ఆరు అండ్లనే ఉన్నయి. నా పేరు రాసుకోండి."

మొగులమ్మ ఆయన్ని పక్కకు జరిపింది. పొద్దుటి నుంచి తడిసిన చీర ఒంటికి అంటుకుని ఉంది, చేతులకు గొడ్డలి బొబ్బలు. సిగ్గు ఇంకా ఉంది, పోదు కూడా. దానితోనే నిలబడింది.

"సేటుకు ఏం తెల్వది సారూ. తల పెట్టి సూసింది నేను. గీత గీసింది నేను. వాసన రాకుంటే విషం లేదనుకున్న. తప్పు నాది."

"అక్కా," అన్నాడు శ్రావణ్‌కుమార్ తలుపు దగ్గర్నుంచి, హెచ్చరిస్తున్నట్టు.

ఎస్సై పెన్ను ఆపి, మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "తెలిసే మాట్లాడుతున్నవా? మనిషి సచ్చిండు. ఇట్ల చెప్తే నీ మీద కేసైతది. లోపలికి పోతవ్."

"పోత," అంది మొగులమ్మ. "నా పేరే ముందుగాల రాయి. డ్రమ్ములు కడిగే మొగులమ్మ అని రాయి. దాని కింద, లేబుళ్లు గీకి డ్రమ్ములు తెచ్చిన గీ శ్రావణ్‌కుమార్ పేరు రాయి. దాని కింద, మూతవడ్డ ఫ్యాక్టరీల తలుపులేసుకొని ఆ పొడి చేసినోని పేరు రాయి. తెల్వకుంటే వీన్ని అడిగి రాయి. నాదొక్కటి రాసి పెన్ను మూసినవో, జైల్ల గూడ సప్పుడు చెయ్యక కూసునేదాన్ని కాను సారూ. ఏ జడ్జి ముందు నిలవెట్టినా మిగిలిన రెండు పేర్లు ఏవని అడుగుత. అడుగుతనే ఉంట."

వరండాలో గుమిగూడిన జనంలో కదలిక పుట్టింది. శ్రావణ్‌కుమార్ వెనక్కి అడుగు వేయబోయాడు. వెనుక ఇస్మాయిల్‌ఖాన్‌పేట వాళ్లు నిలబడి ఉన్నారు, ఎవరూ దారి ఇవ్వలేదు.

ఎస్సై కుర్చీ ముందుకు లాక్కుని, కొత్త కాగితం తీశాడు.

"ఇంటిపేరు చెప్పు," అన్నాడు.

మొగులమ్మ వరండా దాకా వినబడేలా చెప్పింది.